దజాయ్ 'షాయో' నవల: ఆ ఇంటి డబ్బంతా ఎటు పోయింది?

కొల్లేటి_కొంగ (1)
జపాన్ రచయిత ఒసాము దజాయ్ 'షాయో', ఓటమి తర్వాత చితికిపోయిన ఒక కులీన కుటుంబం కథ, డొనాల్డ్ కీన్ ఇంగ్లీషు అనువాదంలో చదువుతున్నా, రెండో అధ్యాయం అయింది. ఒక్క విషయం మింగుడు పడటం లేదు. యుద్ధం 1945 ఆగస్టులో ఆగింది. అదే ఏడు మేనమామ ఇక డబ్బు లేదు, టోక్యో ఇల్లు అమ్మక తప్పదు, పనివాళ్ళని పంపించేసి తల్లీకూతుళ్ళిద్దరూ ఇజు వైపు పల్లెకి వెళ్ళిపోండి అంటాడు, డిసెంబరు మొదట్లోనే వెళ్ళిపోతారు. ఎవరి రివ్యూ చూసినా ఆస్తి పన్ను వేసి కులీనుల నడ్డి విరిచారని రాస్తున్నారు. నాలుగు నెలల్లో చట్టం చేసి, పన్ను వేసి, వసూలు కూడా చేసేశారా? వీళ్ళకి పొలాలూ పుట్రా ఏమీ లేవా? నవల అదేమీ చెప్పదు. తెలిసినవాళ్ళు తేదీలతో చెప్పండి.

రాత్రిబండి (2)
పన్నే. 90 శాతం దాకా లాగేశారు.

యెన్ను_లెక్క (3)
రాత్రిబండి గారూ, తేదీలు కుదరవు. ఆస్తి పన్ను చట్టం వచ్చింది 1946 నవంబరులో. ఇల్లు అమ్మింది దానికి దాదాపు ఏడాది ముందు. ఆ ఇంటికి తగిలినవి రెండు వేరువేరు దెబ్బలు.

మొదటిది ధరలు. తండ్రి పోయి పదేళ్ళు. అప్పటినుంచి ఇంటి జమాఖర్చులు తల్లి తమ్ముడు వాదా చూస్తున్నాడు. సంపాదించే చెయ్యి లేదు. కొడుకు నవోజీ సైన్యంతో దక్షిణ పసిఫిక్‌లో ఉన్నాడు, బతికున్నాడో లేదో తెలీదు. అంటే కూర్చుని తింటున్న ఇల్లు. ఓటమి తర్వాత ప్రభుత్వం సైన్యానికి సరుకు ఇచ్చిన కంపెనీల బకాయిలు ఒక్కసారిగా చెల్లించింది, నోట్లు వరదలా వచ్చిపడ్డాయి. రేషను బియ్యం సరిపోదు, బ్లాకులో కొనాలంటే నిన్నటి ధర ఇవాళ ఉండదు. దాచిన సొమ్ము మీద బతికేవాళ్ళకి ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. డిసెంబరు అమ్మకం దీనివల్లే.

రెండోది 1946 ఫిబ్రవరి 16. ఆ రోజు ప్రకటించి, మర్నాటి నుంచి బ్యాంకు డిపాజిట్లు ఫ్రీజ్ చేశారు. పాత నోట్లు మార్చి 3 నుంచి చెల్లవన్నారు. మనిషికి 100 యెన్లు మాత్రం కొత్త నోట్లుగా ఇచ్చి, మిగతాదంతా అకౌంట్లో వేసుకోమన్నారు. అకౌంట్లోంచి నెలకి ఇంటిపెద్ద 300, మిగతావాళ్ళు తలా 100 తీసుకోవచ్చు. జీతమైనా నెలకి 500 యెన్ల దాకే నగదు, ఆపైది మళ్ళీ ఫ్రీజ్ అకౌంట్లోకే. కొత్త నోట్లు సమయానికి అచ్చవక, పాత నోటు మీదే చిన్న స్టాంపు అంటించి చెలామణి చేశారు.

కొల్లేటి_కొంగ (4)
తల్లీకూతుళ్ళు ఇద్దరే కదా. అంటే నెలకి 400?

యెన్ను_లెక్క (5)
బ్యాంకులోంచి అంతే. లోపల ఎన్ని లక్షలున్నా అంతే.

మల్లెతీగ (6)
ఇది చదివాక అగ్గి అంటుకున్న ఘట్టం ఇంకోలా కనిపిస్తోంది. కూతురు కజుకో స్నానాల పొయ్యిలోంచి తీసిన కొరకంచులు సరిగ్గా ఆర్పకుండా కట్టెల మోపు పక్కన పెడితే రాత్రి అంటుకుంటుంది, ఊరంతా వచ్చి ఆర్పుతారు. మర్నాడు ఆమె వంద యెన్ల నోట్లు ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి, పైన క్షమాపణ అని రాసి ఇల్లిల్లూ తిరుగుతుంది. నేనది మర్యాద చూపించే సీను అనుకుని పేజీ తిప్పేశాను. ఒక్కో పొట్లం ఆ ఇంటి నెల డబ్బులో నాలుగో వంతు!

యెన్ను_లెక్క (7)
సరిగ్గా పట్టారు. పైగా ఆ అగ్గి, కజుకో పాముగుడ్లు కాల్చిన సంగతి జరిగిన పదిరోజులకి, అంటే 1946 వసంతం. ఫ్రీజ్ మొదలై రెండు నెలలైనా నిండలేదు. అప్పటి పాఠకులకి వంద నోటు అనగానే లెక్క తలలో తిరిగి ఉంటుంది. దజాయ్ దాన్ని వివరించలేదు, వివరించాల్సిన పనీ లేదు.

గోడగడియారం (8)
(3)కి చిన్న సవరణ. చట్టం నవంబరులో వచ్చినా పన్ను కబురు ఫిబ్రవరిలోనే జనానికి తెలుసు. డిపాజిట్లు ఫ్రీజ్ చేయడానికి ఒక కారణం ధరలు ఆపడం, రెండోది ఎవరి దగ్గర ఎంతుందో తేల్చడం. ఆస్తి విలువ కట్టిన తేదీ 1946 మార్చి 3, పాత నోట్లు చెల్లకుండా పోయిన రోజే. నోట్లు పరుపుకింద దాచినా బయటికి తేవాల్సిందే. అందుకే రెండో అధ్యాయంలో తల్లి, మామ మాటలు చెబుతూ, పొదుపు ఫ్రీజ్, ఆస్తి పన్ను రెండిటినీ ఒక్క ఊపులో అనేస్తుంది. ఆ మాట అనేటప్పటికి చట్టం ఇంకా పాసవలేదు, అయినా తప్పేమీ కాదు.

అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. డిసెంబరులో ఇల్లు పోయింది ధరలవల్ల. కూతురు ఎవరినైనా పెళ్ళి చేసుకోవాలనో, రాజకుటుంబం ఇంట్లో కొలువుకి వెళ్ళాలనో మామ ఒత్తిడి చేసింది ఫ్రీజ్, పన్ను వల్ల. రివ్యూలు రెంటినీ కలిపేస్తున్నాయి.

రాత్రిబండి (9)
ఒప్పుకున్నా. మరి ఆ 90 శాతం?

యెన్ను_లెక్క (10)
90 పైమెట్టుకి మాత్రమే, ఒక కోటీ 50 లక్షల యెన్లు దాటిన భాగం మీద. మొదటి లక్ష యెన్లకి పన్ను లేదు. ఇది మన మునిసిపాలిటీ ఇంటిపన్ను లాంటిది కాదు, ఒక్కసారికే వేసినది. మెట్లు మొత్తం 14. లక్ష నుంచి 1,10,000 దాకా 25 శాతం, ఆపై పదివేలకి 30, ఇంకో పదివేలకి 35, లక్షన్నర దాకా 40, 1,70,000 దాకా 45, రెండు లక్షల దాకా 50.

రెండు లక్షల ఆస్తి ఉన్న ఇంటికి వేసి చూడండి: 2,500 + 3,000 + 3,500 + 8,000 + 9,000 + 15,000. మొత్తం 41,000, అంటే ఐదో వంతు. పది లక్షలున్న ఇంటికైతే ఆపై మెట్లు 55, 60, 65 శాతం, మొత్తం 5,41,000. సగానికి పైనే పోయింది. అందరికీ 90 అనడం తప్పు.

నగదు ఫ్రీజ్‌లో ఉండటంతో భూమి, భవనం, షేర్లు ఇచ్చి కూడా పన్ను కట్టనిచ్చారు. పెద్ద పెద్ద భవంతులు చేతులు మారింది ఇలాగే.

తంగేడుపూలు (11)
యువరాజు అసాకా వాళ్ళ షిరోకనే భవనం చూడండి. 1933 నాటి ఆర్ట్ డెకో కట్టడం. యుద్ధం తర్వాత ప్రధాని యోషిదా షిగేరు అధికార నివాసమైంది, 1983 నుంచి టోక్యో నగరపు టెయెన్ ఆర్ట్ మ్యూజియం. 1947 అక్టోబరు 14న 11 శాఖా రాజకుటుంబాలు, మొత్తం 51 మంది, రాజవంశ హోదా వదులుకున్నారు. అందులో అసాకా కుటుంబం ఒకటి. ఆ నెలలోనే 'షాయో' ఆఖరి భాగం షించో పత్రికలో అచ్చయింది (జులై నుంచి అక్టోబరు దాకా సీరియల్, డిసెంబరులో పుస్తకం).

కొల్లేటి_కొంగ (12)
పొలాల సంగతి ఎవరూ చెప్పలేదు. మన దగ్గర 1948 ఎస్టేట్ల రద్దు చట్టం, అటు హైదరాబాదులో 1949 జాగీర్ల రద్దు లాంటిదే కదా ఇది? దొరల గడీలు ఖాళీ అయినట్టు?

దివిటీ (13)
కాలం ఒకటే, లెక్క వేరు. జమీందారు బతుకు శిస్తు మీద. జపాన్ బిరుదు కుటుంబాలు 1869లోనే ఏలుబడి వదిలేశాయి. రాజాస్థాన కుటుంబాలనీ, దైమ్యోలనీ (ప్రాంతాలేలిన ప్రభువులు) కలిపి కజోకు అనే ఒక్క తరగతి చేశారు. 1876లో వంశపారంపర్య భత్యాలు కూడా రద్దుచేసి బదులుగా బాండ్లు చేతిలో పెట్టారు. 1884లో ఐదు బిరుదులు: డ్యూక్, మార్క్విస్, కౌంట్, వైకౌంట్, బారన్. (జపనీసులో మొదటి రెండూ పలకడానికి ఒకటే, కోషాకు. రాతలోనే తేడా.) అంటే పాత ప్రభువు అరవై ఏళ్ళ ముందే వడ్డీల మీద, షేర్ల మీద బతికే టోక్యో మనిషి అయిపోయాడు. కొందరు పొలాలు కొన్నారు, హొక్కైదోలో పెద్ద వ్యవసాయ క్షేత్రాలూ పెట్టారు. ఈ నవల ఇంటికి మాత్రం అలాంటిదేదీ ఉన్నట్టు కనపడదు.

ఆ బాండ్లన్నీ కూడేసి 1877లో పెట్టిందే పదిహేనో బ్యాంకు. ప్రభువుల బ్యాంకు అనే పిలిచేవారు. 1927 ఏప్రిల్‌లో బ్యాంకుల సంక్షోభంలో అది తలుపులు మూసింది. పెద్ద పెద్ద కుటుంబాలు వేలంలో బొమ్మలూ, టీ పాత్రలూ అమ్ముకున్నాయి. కనక కులీనుల పతనం అమెరికన్లు దిగాక మొదలైంది కాదు, అప్పటికే ఇరవై ఏళ్ళుగా సాగుతోంది.

గోడగడియారం (14)
పొలాలు పోయింది దజాయ్ సొంతింటికి. ఉత్తరాన అవోమొరిలో కనగి ఊరి త్సుషిమా వాళ్ళు, పెద్ద భూస్వాములు. తండ్రి పార్లమెంటు పెద్దల సభ సభ్యుడు, అయితే బిరుదువల్ల కాదు, ఎక్కువ పన్ను కట్టేవాళ్ళకిచ్చే సీటు మీద. 1946 అక్టోబరు భూసంస్కరణ చట్టం ప్రకారం ఊళ్ళో లేని భూస్వామి కౌలు భూమి మొత్తం ప్రభుత్వం కొంటుంది. ఊళ్ళో ఉన్నవాడు ఒక్క చో (రెండున్నర ఎకరాల లోపు) ఉంచుకోవచ్చు, హొక్కైదోలో నాలుగు. చెల్లింపు బాండ్లలో, ధరలేమో పదుల రెట్లు పెరిగాయి. చేతికొచ్చింది కాగితమే.

దజాయ్ 1945 జులై నుంచి 1946 నవంబరు దాకా ఆ ఇంట్లోనే తలదాచుకున్నాడు, అన్న కళ్ళముందే ఇదంతా జరిగింది. చెఖోవ్ చెర్రీతోట నాటకానికి జపాన్ రూపం రాయాలని అప్పుడే అనుకున్నాడు. నా లెక్కలో 'షాయో' భూస్వామి దుఃఖం, కులీనుల బట్టలు వేసుకుంది.

మల్లెతీగ (15)
ఈ మాట ఒప్పుకోను గోడగడియారం గారూ. కజుకో గొంతు భూస్వామి గొంతు కాదు. సగం పుస్తకం ఓతా షిజుకో డైరీ మీద నిలబడింది. దజాయ్ 1947 ఫిబ్రవరిలో ఆమె ఉండే షిమోసోగాకి వెళ్ళి ఆ డైరీ తెచ్చుకుని, అటునుంచి అటే ఇజులో మితో తీరపు సత్రంలో మొదటి అధ్యాయాలు రాశాడు. ఆమె డాక్టరు కూతురు. తల్లితో పల్లెలో ఉండటం, తల్లి పోవడం, రచయిత వల్ల బిడ్డ, అన్నీ ఆమె బతుకే. ఆమె డైరీ కూడా 1948లో పుస్తకంగా వచ్చింది. దుఃఖం ఎవరిదని లెక్క తీస్తే ఆమె పేరు ముందు రావాలి.

గోడగడియారం (16)
న్యాయమే. చెర్రీతోట చట్రం ఆయనది, లోపలి రోజువారీ బతుకు ఆమెది. ఇలా అంటే సరిపోతుందా?

మల్లెతీగ (17)
సరిపోతుంది.

పలుకుబడి (18)
డాక్టరు కూతురి డైరీ అనగానే భాష గొడవ గుర్తొచ్చింది. ఈ నవలలో ప్రభువుల భాష తప్పని రచయిత షిగా నవోయా అన్నాడు, ఇంకో రచయిత మిషిమా కూడా రాశాడు. ఇద్దరూ గకుషూయిన్‌లో, అంటే ప్రభువుల పిల్లల బడిలో చదివినవాళ్ళే. మిషిమా ఎత్తిచూపినవి రెండు. ఒకటి వంటింటికి వాడిన మాట, పెద్దింటివాళ్ళ నోట రానిది. రెండోది, తల్లి భోంచేసే తీరు చెప్పేటప్పుడు వాడిన ఇతదకు అనే క్రియ. అది తనని తగ్గించుకుని చెప్పుకునే క్రియ, తల్లికి వాడకూడదు. రాజుగారు బంట్రోతుకి విన్నవించుకున్నారు అన్నట్టుంటుంది.

ఇంగ్లీషులో చదివేవాళ్ళకి ఈ పేచీ కనపడే దారే లేదు. తెలుగులోకి తెస్తే కనపడుతుంది, మనకి గౌరవ క్రియలున్నాయి కాబట్టి. తెచ్చేవాళ్ళు ఆ తప్పుని తప్పుగా ఉంచాలా, దిద్దాలా అన్నది పెద్ద ప్రశ్న. నేనైతే ఉంచమంటాను.

తంగేడుపూలు (19)
కీన్ అనువాదంలో ఇంకోటి. పల్లె డాక్టరు తల్లిని చూడటానికి వచ్చినప్పుడు వేసుకునేవి తెల్ల తబి, అంటే బొటనవేలు విడిగా ఉండే జపాన్ మేజోళ్ళు. కీన్ వాటిని తెల్ల గ్లవ్స్ చేశాడు. మేజోళ్ళంటే ఆ పెద్దరికం అమెరికా పాఠకుడికి అందదని. పాత పద్ధతి మనిషి, ముస్తాబై వచ్చాడన్నది అక్కడి ముఖ్యం. తెలుగులో చలవచేసిన తెల్ల పంచె అంటే చాలు, లేదా తబి అనే ఉంచి ఒక ముక్క వివరణ ఇవ్వొచ్చు. గ్లవ్స్ మాత్రం వద్దు.

రాత్రిబండి (20)
నేను ఆ డాక్టరు ఆపరేషనుకి రెడీ అయి వచ్చాడనుకున్నా 😄

దివిటీ (21)
అందరూ వదిలేసిన తేదీ ఒకటుంది. బిరుదులు రద్దయింది 1947 మే 3న, కొత్త రాజ్యాంగం 14వ అధికరణం అమల్లోకి వచ్చిన రోజు. పెద్దల సభ కూడా అదేరోజు పోయింది. నవలలో ఆఖరి ఉత్తరం తేదీ 1947 ఫిబ్రవరి 7. అంటే కథ నడిచినంతకాలం ఆ ఇంటి బిరుదు చట్టప్రకారం చెల్లుతూనే ఉంది. నవోజీ చనిపోతూ తాను కులీనుడినని అక్కకి రాసినప్పుడు అది కాగితం మీద కూడా నిజం. సీరియల్ మొదటి భాగం చదివిన పాఠకుడికి మాత్రం ఆ తరగతే లేదు, రెండు నెలల కిందట పోయింది. ఆ వాక్యం అంత గట్టిగా తగలడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఇంకోటి, బిరుదు మగ వారసుడికే. నవోజీ పోయాక ఆ చట్టం ఉన్నా కజుకో ఇంటికి మిగిలేదేమీ లేదు. తన కడుపులో బిడ్డని నవోజీ బిడ్డగా ఒక్కసారి, ఆ బిడ్డ తండ్రైన రచయిత ఉఎహారా భార్య ఎత్తుకోవాలని ఆమె కోరుకోవడం ఈ వెలుగులో చదవండి.

యెన్ను_లెక్క (22)
ఇది నాకు తట్టలేదు. బాగుంది దివిటీ గారూ.

కొల్లేటి_కొంగ (23)
మొదటి అధ్యాయం మళ్ళీ తీశాను. సూప్ సీను ఫ్రీజ్‌కి ముందా, తర్వాతా?

మల్లెతీగ (24)
తర్వాత. కిటికీ అవతల కొండచెర్రీ విరగబూసి ఉంది, అంటే ఏప్రిల్. ఆ సూప్ దేనితో చేసిందో చూడండి: ఈమధ్యే అమెరికా నుంచి రేషనులో వచ్చిన డబ్బా పచ్చిబఠాణీలు. వాటిని మెత్తగా నలిపి జల్లెడ పట్టి పొటాజ్‌లా, అంటే చిక్కటి సూప్‌లా, కాచింది కూతురే, వంటమనిషి లేదు కనక. తల్లి చెంచాని అడ్డంగా కాకుండా మొన వైపు నుంచి పెదాల మధ్యకి, పిచ్చుక రెక్క ఆడించినంత తేలిగ్గా తీసుకుంటుంది, ఒక్క చుక్క పడదు. గెలిచినవాళ్ళ రేషను డబ్బా, ఓడినవాళ్ళ చెంచా తీరు, రెండూ ఒకే గిన్నెలో. నవలలో అమెరికా సైన్యం ఎక్కడా లేదనేవాళ్ళకి ఈ గిన్నె చూపించాలి.

పలుకుబడి (25)
పిచ్చుక కాదు, మూలంలో త్సుబమె, వానకోయిల. తిన్నగా దూసుకొచ్చే పిట్ట.

మల్లెతీగ (26)
అవును, వానకోయిలే. దిద్దుకున్నందుకు సంతోషం.

దివిటీ (27)
బట్టల వైపు కూడా చూడండి. అప్పుడు తకెనొకో బతుకు అనేవారు, వెదురుమొలక బతుకు. మొలకకి పొర వెనక పొర ఒలిచినట్టు కిమోనోలు ఒక్కొక్కటే రైతుకిచ్చి బియ్యం, చిలగడదుంపలు తెచ్చుకోవడం. రైతు డబ్బు తీసుకోడు, నోటు మీద నమ్మకం లేదు, పట్టుబట్ట అడుగుతాడు. మంచి కిమోనోలు ముందు పోతాయి, ఆఖరికి రోజూ కట్టేవి మిగులుతాయి. కజుకో మాత్రం యుద్ధంలో నిర్బంధ కూలిపనికి వెళ్ళినప్పుడిచ్చిన జికతబి, రబ్బరు అడుగున్న కూలీల తబి, తొడుక్కుని పొలం పని చేస్తుంది. అవి మొదటిసారి వేసుకున్నప్పుడు పాదాలకి ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పుకుంటుంది. అమ్మింది పట్టు, మిగిలింది జికతబి. తల్లి దగ్గర ఆ రెండోది లేదు.

రాత్రిబండి (28)
పేరు తెలుగులో ఏమంటే బాగుంటుంది? అస్తమయం?

పలుకుబడి (29)
వద్దు. అస్తమయమంటే పొద్దు కుంకిపోయింది. షా అంటే వాలు, యో అంటే సూర్యుడు. ఇంకా వెలుతురుంది, ఏటవాలుగా పడుతోంది, నీడలు సాగాయి. వాలుపొద్దు. ఈ పుస్తకం తర్వాత చితికిన పెద్దిళ్ళవాళ్ళని షాయో-జోకు అనడం జపాన్‌లో వాడుకైంది. దజాయ్ పోయాక, అంటే 1948 తర్వాత, కనగిలో వాళ్ళ పాత ఇల్లు సత్రమైంది, దాని పేరు కూడా షాయోకాన్. వాలుపొద్దు అంటే ఇవన్నీ అతుకుతాయి: వాలుపొద్దు జనం, వాలుపొద్దు ఇల్లు.

తంగేడుపూలు (30)
పొద్దువాలిన ఇల్లు అంటే?

పలుకుబడి (31)
వాలిన అంటే అయిపోయినట్టు. ఇంకా వాలుతోంది కదా, కజుకో బతికే ఉంది.

కొల్లేటి_కొంగ (32)
ఒక్క చివరి సందేహం. ఇంగ్లీషులో వాదా అంకుల్ అంటే ఎవరో దూరపు పెద్దమనిషి అనుకున్నా. (3) చదివాక తెలిసింది తల్లికి సొంత తమ్ముడని.

పలుకుబడి (33)
జపనీసులో ఓజి అనేది తండ్రి తమ్ముడికీ, తల్లి తమ్ముడికీ ఒకటే. తల్లికి మిగిలిన ఒకే ఒక్క రక్తసంబంధం అని నవల చెబుతుంది కాబట్టి మనకి తెలుస్తుంది. తెలుగులో మామయ్య అని ఒక్క మాట పెడితే చాలు. ఎవరినైనా పెళ్ళి చేసుకో, లేకపోతే కొలువుకి పో అని మేనకోడలికి మేనమామ కబురు పెట్టాడంటే, ఆ ఇంట్లో ఇంకేం మిగల్లేదని మన పాఠకుడికి లెక్కలు చెప్పక్కర్లేదు.

యెన్ను_లెక్క (34)
మామయ్య అకౌంటు కూడా ఫ్రీజ్‌లోనే ఉందని మర్చిపోకండి. ఇంటిపెద్దగా ఆయనకి మూడొందలు, ఇంట్లో మిగతావాళ్ళకి తలా వందే.